బెంగళూరులో మీ వార్డు సమాచారాన్ని తెలుసుకొని, వినియోగించుకోవడం ఎలా?

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తమ వీధికి సంబంధించిన ప్రభుత్వ సమాచారం ఎక్కువగా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోనే అందుతుంది. రేపు నీళ్లు రావనీ, ఖాతా (యజమాని పేరున ఉండే ఆస్తి పన్ను రికార్డు) మార్చుకోకపోతే ఇల్లు అమ్ముకోవడం కుదరదనీ, వార్డు పేరు మారిపోయిందనీ ఎవరో పంపిన మాటను ఇంకెవరో పంపుతూ ఉంటారు. ఆ మాట ఏ కార్యాలయం నుండి వచ్చింది, అది మన వీధికి వర్తిస్తుందా, దానిపై మనం స్పందించడానికి ఎన్ని రోజుల గడువు ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికే వరకు ఆ సమాచారం వల్ల కలిగే ప్రయోజనం ఏమీ ఉండదు. కృష్ణరాజపురం వైపు ఇరవై ఏళ్లుగా నివసిస్తూ, ఈ మూడింటికీ జవాబు వెతుక్కోవడంలో నేను నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. సొంత ఇల్లు ఉన్నవారికీ, అద్దెకు ఉన్నవారికీ ఇందులో చాలా భాగం సమానంగానే పనికివస్తుంది.

ముందుగా మీ కార్పొరేషన్‌ను, వార్డును నిర్ధారించుకోండి

చాలామంది ఇప్పటికీ బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) అనే అంటున్నారు గానీ, ఆ పేరుతో ఒకే సంస్థ నగరమంతటినీ పాలించే పద్ధతి ముగిసింది. 2024 నాటి గ్రేటర్ బెంగళూరు పరిపాలన చట్టం 2025 మే 15న అమలులోకి వచ్చింది. 2025 సెప్టెంబరు 2 నుండి నగరం మధ్య, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ అనే ఐదు నగర పాలికలుగా, అంటే కార్పొరేషన్లుగా, విడిపోయింది. వీటన్నిటి పైన సమన్వయానికి ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ, అంటే అందరూ జీబీఏ అంటున్న సంస్థ, ఉంటుంది. చెత్త, వీధి దీపాలు, వార్డు రోడ్లు, ఆస్తి పన్ను వంటి రోజువారీ వ్యవహారాలలో మీకు సంబంధించినది మీ నగర పాలికే.

ఇక్కడ ఒక సులువు ఉంది. మీ శాసనసభ నియోజకవర్గం తెలిస్తే చాలావరకు మీ పాలిక తెలిసిపోతుంది. కృష్ణరాజపురం, మహదేవపుర నియోజకవర్గాలు తూర్పు పాలికలోకి వస్తాయి కనుక మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల తెలుగువారు ఎక్కువగా అక్కడే ఉన్నారు. బీటీఎం లేఅవుట్, జయనగర, బొమ్మనహళ్ళి దక్షిణంలోకి, మల్లేశ్వరం, రాజాజీనగర, బసవనగుడి, విజయనగర పశ్చిమంలోకి, హెబ్బాళ, యలహంక ఉత్తరంలోకి వస్తాయి. రాజరాజేశ్వరినగర వంటి కొన్ని నియోజకవర్గాలు మాత్రం ఒకటికంటే ఎక్కువ పాలికల మధ్య చీలిపోయాయి కాబట్టి, అక్కడివారు ఊహపై ఆధారపడకుండా వార్డు పటంలో తమ వీధిని వెతుక్కోవాలి.

వార్డు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2010, 2015 ఎన్నికలు 198 వార్డులతో జరిగాయి. తరువాత ఒకసారి 243 అన్నారు, మరొకసారి 225 అన్నారు. ఐదు పాలికలు ఏర్పడిన తరువాత వార్డుల సంఖ్య 369 అయింది. అందులో పశ్చిమానికి 112, ఉత్తర, దక్షిణాలకు 72 చొప్పున, మధ్యకు 63, తూర్పుకు 50 ఉన్నాయి. మీ పాత పన్ను రసీదుపై ఉన్న వార్డు సంఖ్య, మీ పొరుగువారు చెప్పే సంఖ్య, కొత్త పటంలోని సంఖ్య మూడూ మూడు రకాలుగా ఉండవచ్చు. అందువల్ల ఒక చిన్న నోటుపుస్తకం తీసుకొని మొదటి పేజీలో పాలిక పేరు, కొత్త వార్డు పేరు, సంఖ్య, పాత వార్డు పేరు, సంఖ్య, ఆస్తి పన్ను దరఖాస్తు సంఖ్య, కరెంటు ఖాతా సంఖ్య, నీటి బిల్లుపై ఉండే ఆర్‌ఆర్ సంఖ్య రాసి పెట్టుకోండి. ఫోనులో రాసుకున్నా ఫర్వాలేదు గానీ, ఇంట్లో పెద్దలకు కూడా అందుబాటులో ఉండేది పుస్తకమే అని నా అనుభవం.

ఏ పని ఎవరిదో తెలుసుకోండి

తప్పు కార్యాలయానికి చేసిన ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. మంచినీరు, మురుగు రెండూ 1964లో ఏర్పడిన జలమండలి, అంటే బీడబ్ల్యూఎస్ఎస్‌బీ, పరిధిలోవి. దాని సహాయ సంఖ్య 1916. కరెంటు సరఫరా బెస్కాం బాధ్యత, సంఖ్య 1912. చెత్త, రోడ్డు, వాన నీటి కాలువ, వీధి దీపం, ఉద్యానవనం పాలికవి. వీటికి 1533కు ఫోను చేయాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది రెండు చోట్ల. వీధిలో నీరు పొంగితే అది మ్యాన్‌హోల్ నుండి వస్తున్నదా, రోడ్డు పక్క కాలువ నుండి వస్తున్నదా అని ముందు చూడండి. మ్యాన్‌హోల్ అయితే జలమండలి, పక్క కాలువ అయితే పాలిక. రెండవది వీధి దీపం: స్తంభం కరెంటుదే కదా అని బెస్కాంకు ఫోను చేస్తారు గానీ, దీపం నిర్వహణ పాలికదే. వీటికి తోడు, బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ) వేసిన లేఅవుటు ఇంకా పాలికకు అప్పగించబడకపోతే అక్కడి రోడ్లకు బీడీఏయే జవాబుదారీ, జాతీయ రహదారిపై గుంతకు రహదారుల సంస్థ జవాబుదారీ.

నగరంలో ఆలస్యంగా చేరిన ప్రాంతాలవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. 2007లో కలిసిన 110 గ్రామాలకు కావేరి నీరు ఇవ్వడం కోసమే రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల సామర్థ్యంతో ఐదవ దశ పథకాన్ని 2024 అక్టోబరులో ప్రారంభించారు. అయితే పథకం ప్రారంభమైందన్న వార్తతోనే మీ ఇంటికి కనెక్షన్ వచ్చినట్లు కాదు. భవన యజమాని లేదా సంఘం విడిగా దరఖాస్తు చేసి, నిర్ణీత రుసుము చెల్లించాలి. మా వైపు చాలా భవనాలు ఈ దరఖాస్తును వాయిదా వేస్తూ ట్యాంకర్లకు డబ్బు పోస్తూ వచ్చాయి, అది నాకు బాధ కలిగించే విషయం.

కన్నడ ప్రకటనను స్వయంగా చదవండి

ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే ఎక్కువగా నొక్కి చెప్పదలచినది ఇదే. అధికారిక ప్రకటన కన్నడంలో వెలువడుతుంది; దాని సారాంశం ఇంగ్లీషులో రావచ్చు, రాకపోవచ్చు, వచ్చినా ఆలస్యంగా రావచ్చు. ఇతర రాష్ట్రాల నుండి వచ్చినవారికి అది అర్థం కాని గోడ రాత కావచ్చు గానీ, తెలుగు చదవడం వచ్చినవారికి అది దాదాపు సొంత లిపి. రెండు లిపులూ ఒకే పాత లిపి నుండి విడిపోయినవి. గ, ర, మ, ల వంటి అక్షరాలను చూడగానే పోల్చుకోవచ్చు. క, త, శ, హ వంటివి రూపం మారి కనిపిస్తాయి. తలకట్టు మన దానిలా పైకి లేవకుండా పక్కకు వంగుతుంది. దుకాణాల బోర్డులు చదువుతూ వారం పది రోజులు సాధన చేస్తే ప్రకటన చదవగలిగే స్థితికి చేరుకోవచ్చు.

మాటలలో సగానికి పైగా మనకు తెలిసినవే. అధిసూచనె అంటే నోటిఫికేషన్. ఆస్తి తెరిగె అంటే ఆస్తి పన్ను. కందాయ ఇలాఖె అంటే రెవెన్యూ శాఖ, కందాయం అన్న మాట రాయలసీమ పెద్దలకు కొత్త కాదు. గుత్తిగెదార అంటే మన గుత్తేదారు, సరబరాజు అంటే సరఫరా, రియాయితి అంటే రాయితీ, తిద్దుపడి అంటే దిద్దుబాటు, బీది దీప అంటే వీధి దీపం. తెలుగులో పకారంతో మొదలయ్యే మాటలు చాలావరకు నేటి కన్నడంలో హకారంతో మొదలవుతాయి అన్న ఒక్క సూత్రం గుర్తుంటే హసి కస అంటే పచ్చి చెత్త అనీ, అంటే తడి చెత్త అనీ తేలికగా తెలుస్తుంది. ఒణ కస పొడి చెత్త. ఇంట్లో కసువు ఊడ్చే సీమవారికి కస అన్న మాటను ఎవరూ వివరించనక్కరలేదు.

మనను తప్పుదారి పట్టించే మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని ప్రత్యేకంగా నేర్చుకోవాలి. అర్జి సల్లిసి అని ఉంటే అర్జీ సమర్పించండి అని అర్థం. మన చెల్లించడం లాగా వినిపించినా అక్కడ డబ్బు ప్రసక్తి లేదు. డబ్బు కట్టమనేటప్పుడు పావతిసి అని రాస్తారు. దూరు అంటే ఫిర్యాదు. విలేవారి అంటే పరిష్కరించి ముగించడం. మీ దూరు విలేవారి అయింది అని సందేశం వస్తే ఫిర్యాదును మూసివేశారని అర్థం చేసుకొని, పని నిజంగా జరిగిందో లేదో వెళ్లి చూడాలి. అదే మాట త్యాజ్య విలేవారి అని వస్తే చెత్తను తొలగించి శుద్ధి చేసే వ్యవహారం. వర్గావణె అంటే బదిలీ, ఖాతా వర్గావణె అంటే ఖాతాను కొన్నవారి పేరుకు మార్చడం. కామగారి అంటే నిర్మాణ పని. రోడ్డు మూసివేత ప్రకటనలలో ఇది తరచుగా కనిపిస్తుంది. విద్యుత్ వ్యత్యయ అంటే కరెంటు కోత.

ప్రకటనలో మొదట వెతకవలసిన మాట కరడు. కరడు అధిసూచనె అంటే ముసాయిదా, దానిపై మీరు అభ్యంతరం చెప్పవచ్చు. అంతిమ అధిసూచనె అని ఉంటే నిర్ణయం అయిపోయింది. ఆ తరువాత ఆక్షేపణె మత్తు సలహె, అంటే అభ్యంతరాలు, సూచనలు అన్న మాటల పక్కన దినదొళగె అని ఎక్కడ ఉందో చూడండి. ఇన్ని దినాలలోగా అని దాని అర్థం. ఆ రోజులను ప్రకటన తేదీ నుండి లెక్కించి, చివరి తేదీని వెంటనే నోటుపుస్తకంలో రాసుకోండి. తేదీలు, దస్త్రపు సంఖ్యలు అప్పుడప్పుడు కన్నడ అంకెలలో ఉంటాయి కాబట్టి ఆ పది అంకెలను కూడా నేర్చుకోవడం మంచిది.

సందేశం నిజమో కాదో సరిచూసుకోండి

పంపబడిన సందేశంలో దస్త్రపు సంఖ్య, తేదీ, సంతకం చేసిన అధికారి హోదా లేకపోతే దానిని ఇంకొకరికి పంపకండి. ఇవి ఉంటే సంబంధిత పాలిక లేదా జీబీఏ వెబ్‌సైటులో అదే ప్రకటన కోసం చూడండి. కరెంటు కోతలకు బెస్కాం, నీటి అంతరాయాలకు జలమండలి ముందుగానే ప్రకటన ఇస్తాయి. పాత ప్రకటన సంవత్సరం తీసివేయబడి మళ్లీ తిరగడం తరచుగా జరుగుతుంది, ముఖ్యంగా ఏప్రిల్‌లో, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం ఆరంభంలో ఆస్తి పన్ను మొత్తం ఒకేసారి కట్టినవారికి 5 శాతం రాయితీ ఉంటుంది, ఆ గడువు ఒక్కొక్క ఏడాది పొడిగించబడుతుంది. పన్నుతో పాటు 2025 ఏప్రిల్ నుండి చెత్త సేవా రుసుము కూడా వసూలు చేస్తున్నారు. ఇంటి వైశాల్యాన్ని బట్టి అది నెలకు 10 రూపాయల నుండి 400 రూపాయల వరకు ఉంటుంది. కాబట్టి నిరుటికంటే మొత్తం పెరిగిందని కంగారు పడకముందు రసీదులో ఏ పద్దు కింద ఎంత ఉందో చూడండి.

గడువులోగా అభ్యంతరం రాయండి

2025లో వార్డుల ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలకు దొరికిన సమయం సుమారు రెండు వారాలు. మా గ్రూపులో ఆ రోజులన్నీ చర్చలోనే గడిచిపోయాయి. వందల సందేశాలు రాసుకున్నాము గానీ కాగితం రాసినది చివరి రోజు సాయంత్రం, అదీ ఒక్కరే. అప్పటి నుండి నేను ప్రకటన చూసిన మూడు రోజులలోగా రాయాలని నియమం పెట్టుకున్నాను.

అభ్యంతర పత్రం ఒక పేజీ దాటనక్కరలేదు. పైన ప్రకటన సంఖ్య, తేదీ రాయండి. తరువాత మీరు ఏ వార్డులోని ఏ వీధి నివాసియో చెప్పండి. ఆ పిమ్మట, ముసాయిదాలోని ఏ అంశంపై మీకు అభ్యంతరమో, దాని బదులు ఏమి కోరుతున్నారో వేరువేరు వాక్యాలలో రాయండి. మా వీధిని చీల్చారు అని రాస్తే చాలదు. సరిహద్దు ఏ రోడ్డు వెంట వెళుతోందో, దానిని ఏ కాలువ లేదా ఏ రోడ్డు వరకు జరిపితే వీధి ఒకే వార్డులో ఉంటుందో పటంపై గుర్తు పెట్టి జతచేయాలి. కన్నడంలో రాయగలిగితే మంచిది, లేకపోతే ఇంగ్లీషులో రాసి పై పేరాను కన్నడంలో రాయించుకోండి. ఇరుగు పొరుగు కన్నడిగులను అడిగితే సంతోషంగా సాయం చేస్తారు, ఆ పేరున వారు కూడా సంతకం పెడతారు. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి ఇచ్చి, రెండవ దానిపై సీల్ హాకి కొడి సార్ అని వినయంగా అడిగి ముద్ర, తేదీ వేయించుకోండి. చెట్లు నరికే ప్రతిపాదనలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. 50కి మించి చెట్లు పోయే పనికి ప్రజాభిప్రాయం కోరాలని కర్ణాటక చట్టంలోనే ఉంది.

ఫిర్యాదును చివరిదాకా వెంబడించండి

ఫోనులో చెప్పినా, యాప్‌లో పెట్టినా ఫిర్యాదు సంఖ్య తీసుకోకుండా ముగించకండి. చోటును గురుతు తెలిసేలా చెప్పండి: ఎన్నవ క్రాసు, ఎన్నవ మెయిన్, ఏ గుడి లేదా ఏ బడి ఎదురుగా, దీపమైతే స్తంభం మీద రాసి ఉన్న సంఖ్య. ఫోటోలో చుట్టుపక్కల భవనం కనిపించాలి. ఒక ఫిర్యాదులో ఒకే సమస్య ఉండాలి. చెత్త, గుంత, దీపం కలిపి రాస్తే ఒకటి సరిచేసి అన్నీ ముగించినట్లు చూపుతారు. పని జరగకుండానే విలేవారి అని వస్తే, అదే రోజు తీసిన ఫోటోతో, పాత సంఖ్యను ఉటంకిస్తూ మళ్లీ ఫిర్యాదు చేయండి. రెండవసారి కూడా అలాగే అయితే వార్డు ఇంజినీరును, అంటే ఏఈని, కలిసి రెండు సంఖ్యలూ చూపించండి.

దీనితోనూ కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తు ఒకే విషయానికి, 150 మాటలకు పరిమితం కావాలి; ఇది తెలియక పొడవుగా రాసి తిరస్కరణ పొందినవారిని చూశాను. ఎందుకు చేయలేదు అని అడగకండి. ఫలానా రోడ్డు పనికి ఇచ్చిన పని ఉత్తర్వు, బిల్లు, కొలతల పుస్తకం ప్రతులు ఇవ్వండి అని అడగండి. పత్రం అడిగితేనే పత్రం వస్తుంది.

ఈ-ఖాతాలో పేరును జాగ్రత్తగా చూడండి

2024 అక్టోబరు నుండి నగరంలో ఆస్తి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా, అంటే ఆన్‌లైన్‌లో జారీ అయ్యే ఖాతా, తప్పనిసరి అయింది. ఇందులో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. క్రయపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పన్ను రసీదులో ఆ పొడి అక్షరం ఇక్కడి అలవాటు ప్రకారం పేరు చివరకు వెళ్లిపోయి ఉంటుంది. మన కళ్లకు ముగ్గురూ ఒకరే గానీ, కంప్యూటరుకు ముగ్గురు. పేర్లు పోలకపోతే దరఖాస్తు అధికారి పరిశీలనకు వెళ్లి అక్కడ రోజులు గడుస్తాయి. రావు, రెడ్డి, నాయుడు వంటి పేరు చివరి భాగం ఒక పత్రంలో ఉండి మరొక పత్రంలో లేకపోవడం కూడా ఇంతే ఇబ్బంది పెడుతుంది.

అందుకని దరఖాస్తు మొదలుపెట్టకముందే క్రయపత్రం, ఆధార్, పన్ను రసీదు, రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్ నుండి తీసుకున్న ఈసీ (ఆస్తిపై జరిగిన లావాదేవీలను చూపే పత్రం) నాలుగూ బల్లపై పరచి పేరును అక్షరం అక్షరం పోల్చండి. ఈ-ఆస్తి వెబ్‌సైటులో మీ పాత వార్డును ఎంచుకొని ముసాయిదా ఖాతాలో పేరు ఎలా ఎక్కిందో చూడండి. తేడా ఉంటే పై పేర్లన్నీ ఒకే వ్యక్తివని తెలిపే ప్రమాణపత్రాన్ని నోటరీ చేత సిద్ధం చేయించుకొని ఉంచండి. కరెంటు ఖాతా సంఖ్య, స్థలం ఫోటో కూడా అడుగుతారు. దంపతుల ఇద్దరి పేర్ల మీదా ఆస్తి ఉంటే ఇద్దరి ఆధార్ ధృవీకరణా కావాలి. ఒకరు విదేశంలో ఉంటే వారి ఆధార్‌కు జతచేసిన ఫోను నంబరు పనిచేస్తున్నదో లేదో ముందే అడిగి తెలుసుకోండి. మధ్యవర్తి దగ్గరకు పరుగెత్తే అవసరం చాలామందికి ఈ చిన్న సిద్ధత లేకపోవడం వల్లనే వస్తోందని నా అభిప్రాయం.

ఓటరు జాబితాను చూసుకోండి

2020 సెప్టెంబరులో పాత కౌన్సిల్ గడువు ముగిసిన తరువాత ఏళ్ల తరబడి ఈ నగరంలో కార్పొరేటర్లు లేరు. వార్డు ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘం నిర్వహిస్తుంది. వార్డు జాబితాలకు శాసనసభ ఓటరు జాబితాయే ఆధారం. మన వారిలో చాలామంది ఓటును సొంత ఊరిలోనే ఉంచుకొని ఇక్కడ పన్ను కడుతున్నారు. రెండు చోట్ల నమోదు చట్టం ఒప్పుకోదు కాబట్టి ఎక్కడ ఉంచుకోవాలన్నది ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోండి. ఇక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8, మొదటిసారి నమోదుకు ఫారం 6. వార్డు ముసాయిదా జాబితా వెలువడినప్పుడు ఇంటి సంఖ్యతో వెతికి, కుటుంబంలోని ప్రతి ఒక్కరి పేరూ ఒకే వార్డులో, ఒకే భాగంలో ఉన్నదో లేదో చూడండి. సరిహద్దు వీధులలో భార్య ఒక వార్డులో, భర్త మరొక వార్డులో కనిపించే అవకాశం ఉంది. తేడా కనిపిస్తే గడువులోగా దిద్దుబాటు దరఖాస్తు ఇచ్చి, దాని సంఖ్యను, ఇచ్చిన తేదీని నోటుపుస్తకంలో వార్డు వివరాలు ఉన్న పేజీలోనే రాసుకోండి.